మైన్‌క్రాఫ్ట్‌లో క్రికెట్ గ్రౌండ్ కట్టడం: నా అనుభవం

మైన్‌క్రాఫ్ట్ అంటే బ్లాకులు పేర్చి కట్టుకునే వీడియో గేమ్. అందులో ఒక బ్లాక్ అంటే ఒక మీటరు. క్రికెట్ గ్రౌండ్ కట్టేవాళ్లకు వరమూ అదే, చిక్కూ అదే. బౌండరీ 70 మీటర్లయితే 70 బ్లాకులు, అంతే. కానీ గ్రౌండ్ మధ్యకు వచ్చేసరికి సెంటీమీటర్ల వ్యవహారం మొదలవుతుంది. వికెట్ వెడల్పు 22.86 సెంటీమీటర్లు, ఎత్తు 71. పాపింగ్ క్రీజు, అంటే బ్యాటర్ దగ్గరి గీత, స్టంప్స్‌కు 1.22 మీటర్లు ముందు ఉంటుంది. పిచ్ పొడవు 20.12 మీటర్లు, వెడల్పు 3.05. మీటరు కంటే చిన్న ముక్క దాదాపుగా లేని చోట వీటిలో దేన్ని రౌండ్ చేయాలి, దేన్ని పూర్తిగా వదిలేయాలి అన్నది ముందే తేల్చుకుంటే మిగతాదంతా ఓపికతో అయ్యే పని. తేల్చుకోకుండా బ్లాకులు పేర్చడం మొదలుపెడితే ఎక్కడో ఒకచోట ఒక్క బ్లాక్ తేడా వచ్చి, గ్రౌండ్ మొత్తం ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది.

పిచ్ వివరాలు బాగా రావాలని కొంతమంది అన్నీ రెట్టింపు సైజులో కడతారు. నేను వద్దనే చెబుతాను. ఆటలో మనిషి ఎత్తు 1.8 మీటర్లు, పరుగెత్తితే సెకనుకు 5.6 మీటర్ల వేగం. అసలు సైజులో కడితే ఒక క్రీజు నుంచి ఇంకో క్రీజుకు 18 బ్లాకులు, అంటే సింగిల్ తీయడానికి మూడు సెకన్ల పైచిలుకు. ఇది నిజం క్రికెట్‌కు బాగా దగ్గర. రెట్టింపు చేస్తే అదే సింగిల్‌కు ఆరున్నర సెకన్లు పడుతుంది, గడ్డి బ్లాకులు నాలుగింతలవుతాయి. అంత చేసినా క్రీజు గీతలు సన్నబడవు.

మొదట దిక్కు. పిచ్ ఉత్తర దక్షిణాలుగా, అంటే జెడ్ అక్షం వెంబడి ఉండాలి. ఈ ఆటలో సూర్యుడు కచ్చితంగా తూర్పున లేచి పడమట దిగుతాడు. పిచ్‌ని తూర్పు పడమరలుగా వేస్తే సాయంత్రం ఒక ఎండ్‌లో నిలబడ్డవాడి కళ్లలోకి ఎండ నేరుగా కొడుతుంది. నిజం గ్రౌండ్లను కూడా వీలైనంతవరకు ఉత్తర దక్షిణాలుగానే వేసేది ఇందుకే. కీబోర్డు మీద ఎఫ్3 నొక్కితే ఎటువైపు చూస్తున్నామో తెరమీద కనిపిస్తుంది.

తర్వాత బయోమ్, అంటే ఆటలో ప్రాంతం రకం. గడ్డి బ్లాక్ రంగు బయోమ్‌ని బట్టి మారుతుంది. ప్లెయిన్స్‌లో కళగా ఉండే పచ్చ సవానాలో ఎండిపోయినట్టు, స్వాంప్‌లో బురద రంగులో కనిపిస్తుంది. సుమారు 160 మీటర్ల పొడవున్న గ్రౌండ్ రెండు బయోమ్‌ల మీద పడితే మధ్యలో రంగు మారిపోతుంది, దాన్ని ఏ పారతోనూ సరిచేయలేం. కట్టబోయే చోటు నాలుగు మూలలకూ నడిచి, ఎఫ్3 తెరలో బయోమ్ పేరు ఒకటేనా అని చూసుకోవాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు సూపర్‌ఫ్లాట్ ప్రపంచమే మేలు. నేల చదును చేసే పని ఉండదు, గడ్డి అంతా మైనస్ 61 ఎత్తులో ఒకే మట్టంగా దొరుకుతుంది.

ఇక మధ్య బ్లాక్. మొత్తం పనికి ఆధారం ఇదే. గ్రౌండ్‌కి మధ్యలో ఒక్కటే బ్లాక్ ఉండాలి. అంటే ప్రతి కొలతా బేసి సంఖ్యే: పిచ్ వెడల్పు 3, చారల వెడల్పు 7, సైట్ స్క్రీన్ వెడల్పు 9. ఒక్క చోట సరి సంఖ్య వాడారా, మధ్య అన్నది రెండు బ్లాకుల నడుమ గీతలోకి జారిపోతుంది, స్టంప్స్ పెట్టడానికి చోటుండదు. ఇంకో ఇబ్బంది: సున్నా నంబర్ బ్లాక్ 0 నుంచి 1 వరకు పరుచుకుని ఉంటుంది. మైనస్ 0.5 దగ్గర నిలబడితే మీరున్నది మైనస్ 1 నంబర్ బ్లాక్‌లో. అందుకని ఎఫ్3 తెరలో దశాంశాలతో ఉండే వరసను చూసి లెక్క కట్టకండి, కిందే ‘బ్లాక్’ అని ఉండే వరసను చూడండి.

ఆ మధ్య బ్లాక్ మీద నిలబడి, చాట్‌లో టిల్డా (~) గుర్తుతో కమాండ్లు టైప్ చేసి ఇస్తే కూడికలూ తీసివేతలూ అక్కర్లేదు. గ్రౌండ్ ప్రపంచంలో ఎక్కడున్నా లెక్క సున్నా నుంచే మొదలవుతుంది. ఇక్కడి నుంచి నేను చెప్పే అంకెలన్నీ ఆ మధ్య బ్లాక్ నుంచి లెక్కించినవే. ఎక్స్ అంటే పిచ్‌కి అడ్డంగా, జెడ్ అంటే పిచ్ వెంబడి, వై అంటే ఎత్తు.

ఇప్పుడు పిచ్. రెండు స్టంప్‌ల నడుమ 20.12 మీటర్లను 20గా రౌండ్ చేస్తే, స్టంప్స్ జెడ్ ప్లస్ 10, మైనస్ 10 దగ్గర కూర్చుంటాయి. కొలిచేది బ్లాక్ మధ్య నుంచి బ్లాక్ మధ్యకు కాబట్టి నడుమ ఉండే బ్లాకులు 19 మాత్రమే. ‘22 గజాలంటే 20 మీటర్లు, కాబట్టి మధ్యలో 20 బ్లాకులు’ అని లెక్క వేసినవాళ్లకు సరి సంఖ్య వచ్చి మధ్య బ్లాక్ మాయమయ్యేది ఇక్కడే. స్టంప్స్ వెనక ఒక్కో బ్లాక్ వదిలి, మైనస్ 11 నుంచి ప్లస్ 11 వరకు, 3 వెడల్పుతో వేస్తే మొత్తం 69 బ్లాకులు.

దేనితో వేయాలన్నది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మామూలు మట్టి బ్లాక్ వేస్తే పక్కనున్న గడ్డి కొన్ని రోజుల్లో దాని మీదికి పాకుతుంది. పారతో గడ్డిని కొట్టి చేసే డర్ట్ పాత్ చూడటానికి బాగుంటుంది, ఒక పిసరు పల్లంగా కూడా ఉంటుంది. కానీ దాని మీద ఫెన్స్ లాంటి గట్టి బ్లాక్ పెట్టగానే కింద మామూలు మట్టిగా మారిపోతుంది. అంటే సరిగ్గా స్టంప్స్ కింద మట్టి తేలి, తర్వాత అక్కడ గడ్డి మొలుస్తుంది. కోర్స్ డర్ట్ మీదికి గడ్డి పాకదు గానీ ముదురు రంగు, అప్పుడే నీళ్లు కొట్టినట్టుంటుంది. నేను వాడేది ప్యాక్డ్ మడ్. 1.19 వెర్షన్ నుంచి ఉంది. మట్టి మీద నీళ్ల సీసా వంచితే బురద, బురదకు గోధుమలు కలిపితే ప్యాక్డ్ మడ్. పిచ్ మొత్తానికి 69 గోధుమలు సరిపోతాయి. బ్యాటింగ్‌కి స్వర్గంలాంటి, బాగా ఆరిన పిచ్ కావాలంటే స్మూత్ సాండ్‌స్టోన్ వేయండి.

పాపింగ్ క్రీజు 1.22 మీటర్లు కాబట్టి ఒక బ్లాక్ ముందుకు, జెడ్ ప్లస్ 9, మైనస్ 9 దగ్గర. నిబంధనల ప్రకారం దాన్ని మధ్య నుంచి రెండు పక్కలా కనీసం 1.83 మీటర్లు గీయాలి, మొత్తం 3.66. బేసి సంఖ్యే కావాలి గనుక 3 గానీ 5 గానీ. ‘కనీసం’ అన్నారు కాబట్టి 5 వేస్తే తప్పు లేదు. తెల్ల కాంక్రీటుతో వేస్తే గీత మీటరు మందం వస్తుంది, చేసేదేమీ లేదు. కానీ స్టంప్స్ వరసలో ఉండే బౌలింగ్ క్రీజుని కూడా తెల్లగా వేస్తే రెండూ అతుక్కుని రెండు మీటర్ల తెల్ల అరుగు తయారవుతుంది. కాబట్టి బౌలింగ్ క్రీజు, రిటర్న్ క్రీజులు వదిలేయడమే మంచిది. చూసేవాళ్ల కంటికి పాపింగ్ క్రీజు ఒక్కటి చాలు.

స్టంప్స్ దగ్గర ఆట మనకు ఒక చిన్న సాయం చేసింది. ఒంటరిగా నిలబడిన ఫెన్స్ స్తంభం వెడల్పు బ్లాకులో నాలుగో వంతు, అంటే 25 సెంటీమీటర్లు. మూడు స్టంప్స్ కలిపి నిజం వెడల్పు 22.86. అంటే ఒక్క ఫెన్స్ స్తంభమే మొత్తం వికెట్‌కి సమానం. మూడు స్టంప్స్ కదా అని పక్కపక్కన మూడు ఫెన్సులు పెడితే అవి ఒకదానికొకటి అడ్డకర్రలతో అతుక్కుని మూడు బ్లాకుల గేటు అవుతుంది. ఎత్తు మాత్రం 71 సెంటీమీటర్ల బదులు మీటరు కనిపిస్తుంది. లేత రంగు కోసం బర్చ్ ఫెన్స్ వాడండి.

జావా ఎడిషన్‌లో (కంప్యూటర్‌లో ఆడే రకం) 1.19.4 నుంచి బ్లాక్ డిస్‌ప్లే అనే సదుపాయం వచ్చింది. ఏ బ్లాక్‌నైనా సమన్ కమాండ్‌తో ఎంత సన్నగా కావాలంటే అంత సన్నగా చేసి నిలబెట్టవచ్చు. తొక్క తీసిన బర్చ్ దుంగను ఎక్స్ 0.036, వై 0.71, జెడ్ 0.036 స్కేలుతో మూడుసార్లు పెట్టి, వాటి మధ్య గీతలు 0, ప్లస్ 0.096, మైనస్ 0.096 దగ్గర ఉండేలా జరిపితే అసలు కొలతల వికెట్ వస్తుంది. క్రీజు గీతలకు తెల్ల కాంక్రీటును ఎక్స్ 3.66, వై 0.01, జెడ్ 0.05 స్కేలుతో పరిస్తే వదిలేసిన క్రీజులన్నీ తిరిగి గీసుకోవచ్చు. ఇందులో మూడు జాగ్రత్తలున్నాయి. బ్లాక్ డిస్‌ప్లే తన మధ్య నుంచి కాక మూల నుంచి పెరుగుతుంది, కాబట్టి ప్రతిదాన్నీ దాని వెడల్పులో సగం వెనక్కి జరపాలి. వై స్కేలు మరీ సున్నా చేస్తే నేలా గీతా ఒకే తలంలో పడి మిణుకు మిణుకుమంటాయి. వీటిని చేత్తో కొట్టి తీయలేం, కిల్ కమాండ్‌తోనే పోతాయి. అందుకే పెట్టేటప్పుడే ఒక ట్యాగ్ తగిలించాలి, లేకపోతే ఒక గీత తీయబోయి అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఫోన్లలో, కన్సోళ్లలో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్‌లో ఇది లేదు, అక్కడ ఫెన్స్ స్తంభమే గతి.

ఇప్పుడు బౌండరీ. పురుషుల అంతర్జాతీయ మ్యాచ్‌లకు పిచ్ మధ్య నుంచి బౌండరీ 65 గజాలకు తగ్గకూడదు, 90 గజాలకు మించకూడదు. మీటర్లలో 59.43 నుంచి 82.29. నేను సిఫార్సు చేసేది పిచ్ వెంబడి 75, అడ్డంగా 65. గుండ్రంగా వేస్తే లెక్క సులువే గానీ కోలగా ఉంటేనే క్రికెట్ గ్రౌండ్ అనిపిస్తుంది.

ముందు గడ్డి చారలు వేసి ఆ పైన తాడు పరవడం తేలిక. తాడుకు అవతల 4 బ్లాకుల దూరంలో కంచె వస్తుంది కాబట్టి చారలు అక్కడి వరకు ఉండాలి: ఎక్స్ మైనస్ 69 నుంచి 69, జెడ్ మైనస్ 79 నుంచి 79. మొత్తం 22,101 బ్లాకులు. ఒక ప్రాంతాన్నంతా ఒకే బ్లాక్‌తో నింపే ఫిల్ కమాండ్ ఒక్కసారికి 32,768 బ్లాకులకు మించి ఒప్పుకోదు, కాబట్టి ఒక పొర ఒకేసారి అయిపోతుంది. రెండు పొరలు కలిపి ఇస్తే మాత్రం బ్లాకులు ఎక్కువయ్యాయని తిప్పికొడుతుంది. ఈ కమాండ్‌ని మూలలో నిలబడి ఇవ్వకండి. రెండర్ దూరం (ఆట చుట్టూ లోడ్ చేసే మేర) 8 చంకులకు, అంటే 16 బ్లాకుల చదరాలు ఎనిమిదింటికి, పెట్టుకున్నవాళ్లకు అవతలి మూల లోడ్ అయి ఉండదు, పని జరగదు. మధ్యలో నిలబడితే ఏ కొసైనా 5 చంకుల దగ్గర్లోనే ఉంటుంది.

చారలకు గడ్డి బ్లాక్, మాస్ (నాచు) బ్లాక్ జోడీ బాగా కుదురుతుంది. మాస్ రంగు బయోమ్‌తో మారదు, గడ్డి దాని మీదికి పాకదు. మధ్య చార మైనస్ 3 నుంచి 3 వరకు గడ్డి. పిచ్ అందులో ఇమిడిపోతుంది. ఆ తర్వాత 4 నుంచి 10, 18 నుంచి 24, 32 నుంచి 38, 46 నుంచి 52, 60 నుంచి 66 వరకు మాస్. అవతలి పక్క ఇవే అంకెలు మైనస్‌లో. మొత్తం పది ఫిల్ కమాండ్లు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: గ్రౌండ్‌లో ఎక్కడా బోన్ మీల్ (ఎముకల పొడి ఎరువు) చల్లకండి. మాస్ మీద పడితే అది చుట్టూ ఉన్న గడ్డి బ్లాకులను కూడా మాస్‌గా మార్చేస్తుంది, పైగా పొదలు మొలిపిస్తుంది. చక్కగా వచ్చిన చార అంచు ఒక్క దెబ్బతో పాడవుతుంది.

తాడుకి తెల్ల కార్పెట్. దీర్ఘవృత్తం గీయడానికి జెడ్ విలువ పెట్టుకుని ఎక్స్ లెక్కకట్టుకుంటూ పోతే మొదట్లో బాగానే ఉంటుంది, చివర్లో వంపు తిరిగేకొద్దీ ఒక్కో వరసకు కొన్ని బ్లాకుల ఖాళీలు వస్తాయి. కారణం అక్కడ గీత అడ్డంగా పడుకోవడమే. అందుకని జెడ్ 56 దాటాక పద్ధతి తిరగేయాలి, ఎక్స్ పెట్టుకుని జెడ్ కట్టాలి. మొదటి భాగంలో జెడ్ 0 నుంచి 9 వరకు ఎక్స్ 65, తర్వాత జెడ్ 10కి 64, 20కి 63, 30కి 60, 40కి 55, 45కి సరిగ్గా 52, 50కి 48, 56కి 43. రెండో భాగంలో ఎక్స్ 42కి జెడ్ 57, 39కి సరిగ్గా 60, 30కి 67, 25కి 69, 20కి 71, 13కి 73, 8కి 74, 7 నుంచి 0 వరకు 75. మధ్య విలువలకు సూత్రం ఇది: జెడ్‌ని 75తో భాగించి, వర్గం చేసి, 1లోంచి తీసేసి, వర్గమూలం కట్టి, 65తో గుణించాలి. రెండో భాగంలో 65, 75 చోట్లు మార్చుకుంటాయి. పావు భాగం వేస్తే మిగతా మూడు పావులూ అద్దంలో ప్రతిబింబాలే. మొత్తం కార్పెట్లు సుమారు 400. వరల్డ్‌ఎడిట్ అనే మోడ్ ఉన్నవాళ్లు రెండు వ్యాసార్థాలిచ్చి బోలు సిలిండర్ కమాండ్‌తో ఒక్క క్షణంలో వేసేయవచ్చు. అడ్డం నిలువు తారుమారైతే అంకెలు అటూ ఇటూ మార్చి మళ్లీ కొట్టండి.

కంచె దగ్గర ఈ లెక్క పనికిరాదు. కార్పెట్లు మూల మూల తాకుతూ పోయినా చూడటానికి తాడులాగే ఉంటుంది. ఫెన్సులు మాత్రం పక్కపక్కన ఉంటేనే అతుక్కుంటాయి, ఏటవాలుగా ఉన్నవాటి మధ్య సందు మిగులుతుంది. కంచె వేసే చోట ప్రతి మెట్టులో మూల బ్లాక్ కూడా నింపుకుంటూ పోవాలి. అందుకే 79, 69 వ్యాసార్థాలతో కంచెకు దాదాపు 590 ముక్కలు పడతాయి, తాడు కంటే చాలా ఎక్కువ. తాడుకీ కంచెకీ నడుమ కనీసం 3 గజాలు వదలాలన్న నిబంధన మనం వదిలిన 4 బ్లాకులతో తీరిపోతుంది.

30 గజాల సర్కిల్‌ని చాలామంది గ్రౌండ్ మధ్య నుంచి ఒకే గుండ్రం గీసేస్తారు. అది తప్పు. ఒక్కో వికెట్ మధ్య స్టంప్‌ను కేంద్రంగా పెట్టుకుని 27.43 మీటర్లతో రెండు అర్ధవృత్తాలు గీసి, వాటిని తిన్నని గీతలతో కలపాలి. అంటే ఎక్స్ వెడల్పు 27, జెడ్ పొడవు 37. నిజం గ్రౌండ్‌లో దీన్ని తెల్ల గీతతో గానీ, 5 గజాలకొకటి చొప్పున పెట్టే తెల్ల బిళ్లలతో గానీ చూపిస్తారు. నేను బిళ్లలే పెడతాను. 10 డిగ్రీలకొకటి చొప్పున పెడితే దాదాపు అదే దూరం వస్తుంది. ఎక్స్, జెడ్ వరసగా: 27-15, 26-19, 24-24, 21-28, 18-31, 14-34, 9-36, 5-37, 0-37. తిన్నని భాగంలో ఎక్స్ 27 దగ్గర జెడ్ మైనస్ 10, మైనస్ 5, 0, 5, 10. అన్ని వైపులా కలిపి 44 బిళ్లలు. నిజం బిళ్ల అడ్డుకొలత 18 సెంటీమీటర్లే కాబట్టి బర్చ్ బటన్ సైజుకి దగ్గర, కానీ స్టాండ్ నుంచి చూస్తే కనిపించదు. నేను కార్పెట్ ముక్కలకే ఓటేస్తాను.

ఇక దీపాలు. గ్రౌండ్లు కట్టినవాళ్లు ఎక్కువగా నిరాశపడేది ఇక్కడే. 45 బ్లాకుల ఎత్తున నాలుగు టవర్లు లేపి, పైన వంద సీ లాంతర్లు పేర్చినా కింద పిచ్ మీద చీకటే ఉంటుంది. ఈ ఆటలో ఏ దీపానికైనా గరిష్ఠ వెలుగు 15. ఒక్కో బ్లాక్ దాటేకొద్దీ ఒకటి తగ్గుతుంది. పదిహేను బ్లాకుల తర్వాత శూన్యం. ఎన్ని దీపాలు పక్కపక్కన పెట్టినా వెలుగు కూడదు, వాటిలో పెద్దదే లెక్కకు వస్తుంది. 1.18 నుంచి వెలుగు సున్నా ఉన్న చోట జాంబీలు, క్రీపర్ల లాంటి రాక్షసులు పుడతాయి. రాత్రి మ్యాచ్ మధ్యలో మిడాన్‌లో క్రీపర్ నిలబడి ఉండటం అందుకే. ఫ్లడ్‌లైట్ టవర్లు అలంకారం మాత్రమే అని ఒప్పుకుని, అసలు వెలుగుని నేలలోంచి తేవాలి.

పద్ధతి ఇది. మాస్ చార నడుమ ఒక మాస్ బ్లాక్ తీసి, అక్కడ 15 వెలుగున్న దీపం పెట్టి, పైన మాస్ కార్పెట్ కప్పాలి. మాస్ కార్పెట్, మాస్ బ్లాక్ చూడటానికి ఒకటే. కార్పెట్ వెలుగుని ఆపదు. గ్లోస్టోన్ దొరక్కపోతే జాక్ ఓ లాంతర్ పెట్టండి, చెక్కిన గుమ్మడికాయ, టార్చ్ ఉంటే చాలు, వెలుగు 15కి 15. మాస్ చారల నడిమి గీతలు ఎక్స్ 7, 21, 35, 49, 63 దగ్గర, అంటే 14 బ్లాకుల ఎడం. ఆ గీతల వెంబడి జెడ్‌లో 10 బ్లాకులకొకటి పెడితే, నాలుగు దీపాలకూ దూరమైన చోటు 7, 5 కలిపి 12 బ్లాకుల దూరంలో ఉంటుంది. దీపం పైన వెలుగు 14, అందులో 12 పోతే 2 మిగులుతుంది. వెలుగు అడ్డంగానూ నిలువుగానూ బ్లాకులు లెక్కపెట్టుకుంటూ తగ్గుతుంది గానీ ఏటవాలుగా దగ్గరదారి పట్టదు, కాబట్టి కర్ణం కొలిచి సరిపోతుందనుకోకండి. జెడ్ ఎడాన్ని 12కి పెంచితే మిగిలేది 1, ఇంకా నడుస్తుంది. 14 చేస్తే సున్నా, పురుగు పుట్రా మొదలు. 10 ఎడంతో తాడు లోపల మొత్తం 110 దీపాలు పడతాయి.

దీని వల్ల రాక్షసులు పుట్టవు గానీ ఆడటానికి ఆ వెలుగు చాలదు. సరుకులన్నీ ఉచితంగా దొరికే క్రియేటివ్ మోడ్‌లో ఉంటే గివ్ కమాండ్‌తో లైట్ బ్లాక్ తెచ్చుకుని, కంటికి కనిపించని ఆ బ్లాకులను 6 బ్లాకులకొకటి చొప్పున తలకంటే ఎత్తులో చల్లుకోండి. టవర్ల మీది దీపాలు చీకటి పడ్డాకే వెలగాలనుకుంటే రెడ్‌స్టోన్ ల్యాంపులు, పక్కన డేలైట్ సెన్సర్. సెన్సర్‌ని ఒకసారి రైట్ క్లిక్ చేస్తే తిరగబడి రాత్రిపూట పనిచేస్తుంది. సెన్సర్‌ని కింద పెట్టి సిగ్నల్‌ని 45 బ్లాకులు పైకి మోసుకెళ్లడం వృథా ప్రయాస. టవర్ కొన మీద, ల్యాంపుల వెనకే పెట్టేయండి. నన్నడిగితే సీ లాంతర్లు పెట్టి ఆ సంగతి మరిచిపోవడమే సుఖం.

స్టాండ్లు. మెట్ల బ్లాకులు వరసగా ఎక్కించుకుంటూ పోతే 45 డిగ్రీల గోడలా వస్తుంది. ఒక్కో వరసకు రెండు బ్లాకుల లోతు, ఒక బ్లాక్ ఎత్తు పెడితే 26 డిగ్రీల పైచిలుకు వాలు వస్తుంది, ఒక బ్లాక్‌లో మెట్టు తిప్పి సీటు, ఇంకో బ్లాక్‌లో నడవ. ముందువాడి తల మీదుగా బౌండరీ తాడు కనిపించాలంటే, తాడు నుంచి వరసకున్న దూరాన్ని వరస ఎత్తుతో గుణిస్తే వచ్చేది, కంటి ఎత్తుని వరస లోతుతో గుణించినదానికంటే ఎక్కువ ఉండాలి. మొదటి వరస నేల ఒక బ్లాక్ ఎత్తున ఉంటే కంటి ఎత్తు 2.62. తాడుకి 8 బ్లాకుల దూరంలో అయితే మొదటి లెక్క 8 ఇంటూ 1, అంటే 8; రెండోది 2.62 ఇంటూ 2, అంటే 5.24. మిగులు 2.76. ఈ మిగులును దూరం, లోతు కలిపిన సంఖ్యతో భాగిస్తే ముందువాడి కంటి మీదుగా చూపు ఎంత పైనుంచి పోతోందో తెలుస్తుంది: మొదటి వరసలో దాదాపు 28 సెంటీమీటర్లు, పదకొండో వరసలో 9. నిజం స్టేడియాల్లో 12 ఉంటే చాలా మంచిది, 9 ఫర్వాలేదు, 6కి తగ్గకూడదంటారు. అదే స్టాండ్‌ని తాడుకి 6 బ్లాకుల దగ్గరికి జరిపితే ఐదో వరసలోనే 5 సెంటీమీటర్ల కిందికి పడిపోతుంది. రెండు బ్లాకులు వెనక్కి జరిగితే ఇంత తేడా. ప్రకటన బోర్డులు కంచె దగ్గర ఒక బ్లాక్ ఎత్తుకు మించకూడదు. మొదటి వరస నుంచి తాడు మీదికి చూపు ఆ చోట 1.31 ఎత్తులో వెళుతుంది, రెండు బ్లాకుల బోర్డు పెడితే తాడు కనిపించదు.

సైట్ స్క్రీన్‌కి జెడ్ 81 దగ్గర తెల్ల కాంక్రీటు, 9 వెడల్పు, 5 ఎత్తు, రెండు ఎండ్‌లలోనూ. దాని వెనక పడే స్టాండ్‌ని 6 బ్లాకుల ఎత్తు నుంచి మొదలుపెట్టాలి, లేకపోతే కింది వరసలకు కనిపించేది తెల్ల గోడే.

ఒక స్టాండ్ ముక్క కట్టాక మిగతావి స్ట్రక్చర్ బ్లాక్‌తో కాపీ చేసుకోవచ్చు. అద్దంలా తిప్పే, దిక్కు మార్చే సదుపాయం క్లోన్ కమాండ్‌కి లేదు, దీనికుంది. జావాలో ఒక్కసారికి 48 బ్లాకుల పొడవు, వెడల్పు, ఎత్తు హద్దు. తిప్పినప్పుడు మధ్య వరసను కాపీలో కలపకండి, అది రెండుసార్లు పడి అవతలి సగం ఒక బ్లాక్ జరుగుతుంది.

సరుకులన్నీ తామే సంపాదించుకోవాల్సిన సర్వైవల్ మోడ్‌లో కట్టేవాళ్లకు సరుకు లెక్క: తాడు లోపలి వైశాల్యం సుమారు 15,300 బ్లాకులు. అందులో మాస్ 7,700 దాకా, అంటే 64 బ్లాకుల స్టాకులు 120, నాలుగున్నర షల్కర్ పెట్టెలు. లష్ కేవ్‌లో ఒక మాస్ బ్లాక్ దొరికితే చాలు, రాతి గచ్చు మధ్యలో పెట్టి బోన్ మీల్ కొడుతూ పెంచుకోవచ్చు, కోయడానికి పారకంటే హో (తవ్వుకోల) వేగం. గడ్డి బ్లాకులు తెచ్చుకోవాలంటే సిల్క్ టచ్ (బ్లాక్‌ని ఉన్నదున్నట్టు తీసే మంత్రం) ఉన్న పార ఉండాలి. లేకపోతే మట్టి వేసి అంచున ఒక గడ్డి బ్లాక్ పెడితే అదే పాకుతుంది, వెలుగు 9 ఉంటే చాలు, కాకపోతే నెమ్మది. తాడుకి 400 కార్పెట్లంటే 268 ఉన్ని, రెండు ఉన్నికి మూడు కార్పెట్లు. ఉన్ని కోసం పెంచే గొర్రెలను గ్రౌండ్‌కి దూరంగా కట్టేయండి. గొర్రె మేసిన చోట గడ్డి పోయి మట్టి తేలుతుంది, చారల మధ్య గోధుమ రంగు మచ్చలు పడతాయి. ఎండర్‌మ్యాన్ అయితే గడ్డి బ్లాక్‌నే పెకలించుకుని పోతాడు. మాబ్ గ్రీఫింగ్ గేమ్‌రూల్‌ని ఆపేస్తే గొర్రెలూ ఎండర్‌మ్యాన్‌లూ క్రీపర్లూ నేలను పాడుచేయవు, కానీ అదే ప్రపంచంలో పల్లెవాసులు పంట కోయడం కూడా ఆగిపోతుంది. పొలాలు నడుపుతున్నవాళ్లు దాని జోలికి పోకుండా గ్రౌండ్ చుట్టూ కంచెను సందు లేకుండా బిగించుకోవడమే మేలు.